పైడయ్య మావ చేతిలో కర్ర లేదు

వరినాట్లు వేసే ఉభాల రోజుల్లో ఆకుమడి పక్కగా నడుస్తుంటే, పీకిన నారు వేళ్ళ నుంచి వచ్చే తడిమట్టి వాసన ఇప్పటికీ నన్ను నిలబెట్టేస్తుంది. ఆ వాసనలోంచి, పోయిన ఏడాది కాలం చేసిన పైడయ్య మావ నడిచి వస్తాడు. కొట్లాట జరిగిన రోజు ఆయన చేతిలో కర్ర లేదు. ఆ మాట కోర్టులో చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు.

మావ మాకు చుట్టం కాదు, పక్కపొలం రైతు. నాకు నాటడం నేర్పింది ఆయనే. పొద్దున్నే మడి నిండా ఆకాశం పరుచుకుని ఉండేది. మబ్బుల్లో నడుస్తున్నట్టు ఇద్దరం వెనక్కి అడుగులేస్తూ నారు గుచ్చేవాళ్ళం.

"ఒరే, నాటమన్నానుగానీ పాతిపెట్టమన్నానేటి? పైపైన గుచ్చు" అనేవాడు.

మా నాన్నకీ మావ అన్నకీ ఒక మడి దగ్గర తగాదా. మా వైపు ఎవరు ఉభాలు చేస్తే ఆ ఏటికి మడి వాళ్ళ స్వాధీనంలో ఉన్నట్టే. అందుకే ఒక ముసురు పొద్దున నాన్న, నేను ముందుగా దిగి నాటడం మొదలుపెట్టాం. మావ అన్న, అతని కొడుకు కర్రలతో వచ్చారు. ఆ తర్వాతదంతా చినుకుల వెనక, చప్పుడు లేకుండా జరిగినట్టు గుర్తు. నాన్న తల పగిలింది. మావ తన పొలంలోంచి పరుగెత్తుకొచ్చి, చేతిలో ఉన్న నారుకట్టతోనే మధ్యలో నిలబడ్డాడు. నాన్నను గట్టుమీదకు మోసిందీ ఆయనే.

ఆసుపత్రి వరండాలో చిన్నాన్న నా చెవిలో అన్నాడు: "ఆలింట్లో మగోలందరి పేర్లూ సెప్పీ. అప్పుడే రాజీకొస్తారు."

భూమి తగాదాల్లో అది మాకు మామూలే. పోలీసులకు మావ పేరు కూడా చెప్పాను. హత్యాయత్నం కేసుకు అలా రాజీ కుదరదని తర్వాత తెలిసింది. నాన్న కోలుకున్నాడు, కేసు మాత్రం ఆగలేదు. కోర్టులో వకీలు మావను చూపించి, "కొట్లాటప్పుడు ఇతని చేతిలో ఏముంది?" అని అడిగాడు. ముద్దాయిల వరుసలోంచి మావ నా వైపే చూస్తున్నాడు, నేను నాటే వరసను చూసినట్టు.

"కర్ర" అన్నాను.

శిక్ష ముగిసి వచ్చాక కూడా ఆయన నన్ను పలకరించడం మానలేదు. అదే ఎక్కువ బాధించింది. ఏళ్ళు తప్పించుకు తిరిగి, చివరికి ఒకరోజు గట్టుమీద ఆపాను.

"మావా, తప్పు సేసినాను."

"నా సేతిలో ఏటున్నాదో నాకు తెల్దేటి? నాకెందుకు సెప్తావు? నా మనవరాలికి సెప్పు. బడిలో దాన్ని జైలోడి మనవరాలంతన్నారు."

ఆ సాయంత్రమే వెళ్ళాను. పిల్ల అరుగుమీద లెక్కలు చేసుకుంటోంది. మావ మాకు వీపు చేసి చుట్ట కాలుస్తున్నాడు. నేను పిల్లకు ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"అమ్మా, మీ తాత ఎవుర్నీ కొట్టనేదు. కొట్లాట ఆపడానికొచ్చినాడు. కోర్టులో అబద్ధం సెప్పింది నేనే. నన్ను సెమించు. రేపు మీ బడికొచ్చి, అందరి ముందూ ఇదే సెప్తాను."