నడవని బిడ్డకు అరిసెలు

పోయిన మంగళవారం తెల్లవారుజామున మా అత్త కన్నుమూసింది. గిద్దలూరు చుట్టాలకు చెప్పమని మా ఆయన ఫోన్ నా చేతికిస్తే నాకు నోరు పెగల్లేదు. మా ఇంట్లో కష్టమైన కబురు చెప్పడం ఎప్పుడూ ఆమె పనే.

బస్సులో పక్క సీటు మనిషిని కూడా దిగేలోగా అక్కనో వదిననో చేసుకునేది. నా బిడ్డ కాళ్లకు నూనె రాస్తూ వీధి కబుర్లన్నీ దానికే చెప్పేది. నేనేమో మనుషులను చూస్తే లోపలికి పోయే రకం. “ఏందమ్మే, నీ బాధ గోడలకు చెప్తావా? అవి తిరిగి మాట్లాడవు” అనేది.

నా కూతురు రెండేళ్లు నిండినా నిలబడలేదు. పుట్టేటప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందలేదని, తనంతట తాను నడవడం కష్టమని ఒంగోలులో డాక్టరు చెప్పారు. మా వైపు బిడ్డ తొలి అడుగులు వేస్తే అరిసెలు చేసి పంచుతారు. ఎదురింటి పిన్ని “అరిసెలెప్పుడమ్మే?” అని అడిగినప్పుడల్లా “వచ్చే నెల” అనేదాన్ని. ఎవరైనా వస్తే బిడ్డను వెనక గదిలోకి ఎత్తుకుపోయేదాన్ని.

ఒకరోజు అత్త బియ్యం నానబోసింది.

“ఎందుకత్తా?”

“అరిసెలకు. బిడ్డ నడవదని అందరికీ చెప్పొద్దా? ఉత్త చేతుల్తో పోతే ఏడుపులు పెడతారు. నోట్లో అరిసె ఉంటే ఎవురైనా కాస్త ఆగి మాట్లాడతారు.”

మర్నాడు బిడ్డను చంకనెత్తుకుని, గిన్నె పట్టుకుని బయలుదేరింది. నన్నూ రమ్మంది. నేను తలుపు వెనకే ఉండిపోయాను.

“గ్రహణం నాడు నీ కోడలు బయట తిరిగిందేమోక్కా” అని ఎదురింటి పిన్ని గొంతు వినిపించింది.

“దాన్ననొద్దు. నేనే దుకాణానికి పంపిచ్చినా” అంది అత్త. “ముందు అరిసె తిను.”

అది అబద్ధం. గ్రహణం రోజు ఆమె నన్ను మంచం దిగనివ్వలేదు. గ్రహణానికీ బిడ్డ నడకకూ సంబంధం లేదని డాక్టరు చెప్పడం మేమిద్దరం విన్నాం. వాదిస్తే మాట మళ్లీ నా మీదికే వస్తుందని తన మీద వేసుకుంది. ఆ తర్వాత వీధిలో ఆమెనే అన్నారు. నాకు తెలుసు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు.

నిన్న పరామర్శకు వచ్చి పిన్ని నిట్టూర్చింది. “మంచి మనిషి. ఆ ఒక్క తప్పు చేయకుంటే పిల్ల నడిచేది.”

బిడ్డ నా ఒళ్లో ఉంది. లేచి లోపలికి పోదామనిపించింది. పోలేదు.

“ఆమె నన్ను యాడికీ పంపలేదు పిన్నీ. గ్రహణమూ కాదు. పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందలా. అప్పుడే చెప్పేదానికి నాకు నోరు రాలా.”

అత్త వినాల్సిన మాట, ఆమె లేని ఇంట్లో చెప్పాను.

పిన్ని బిడ్డ కోసం చేతులు చాచింది. బిడ్డను ఆమె ఒళ్లో కూర్చోబెట్టాను. అది ఆమె గాజులను ఒక్కొక్కటే మోచేతి వైపుకు తోస్తోంది. అవి జారి వస్తుంటే మళ్లీ తోస్తోంది.