మేనత్త చావని వీలునామా

ఆ రోజుల్లో భాషాప్రవీణ పట్టా చేతికి వచ్చిన ప్రతివాడికీ లోకంలోని సకల వ్రాతపనీ తనకోసమే ఆగి ఉన్నదని ఒక గట్టి నమ్మకం ఉండేది. నాకు అది మరికొంచెం ఎక్కువ. సోమందేపల్లె ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా చేరి ఆరు నెలలైనా కాకమునుపే బంధువర్గంలోని పెళ్ళిపత్రికలు, సన్మానపత్రాలు, తుదకు రేషన్ కార్డు అర్జీలు సైతం నా చేతిమీదుగానే వెలువడేవి. (ఒక అర్జీలో తాసిల్దారుగారిని 'ధర్మమూర్తీ' అని సంబోధించినాను. ఆయన కార్డు ఇయ్యలేదు గాని, ఆ కాగితాన్ని మాత్రం ఇంటికి తీసుకొనిపోయినాడట.) అట్టి సమయంలో గోరంట్ల దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్త కబురంపింది: "వీలునామా రాయల్ల. పండితుడు మనింట్లోనే ఉండంగా ఇంగొకరెందుకు?"

అత్తకు పిల్లలు లేరు; మామ పోయి చాలా ఏండ్లయింది. ఆమెకున్నది నాలుగెకరాల చేను, అందులో ఒక బోరు. మా సీమలో చేను ఎవరికైనా ఉంటుంది. నీళ్ళున్న బోరు ఉండడం వేరే సంగతి. పక్క చేను మామ తమ్ముని కొడుకుది. అతడు వేయించిన మూడు బోర్లలోనూ దుమ్మే లేచినందువల్ల ఊరంతా అతణ్ణి 'దుమ్ముబోరు' అని పిలిచేది. నాకు వరుసకు బావ. తన తర్వాత చేనూ బోరూ అతనికే చెందాలని అత్త కోరిక. బ్రతికినన్నాళ్ళూ మాత్రం సాగు తనదే.

నేను పద్మాసనం వేసికొని వ్రాత ప్రారంభించినాను. శుభమా అని వ్రాయబూనినచోట అమంగళ శబ్దం దొర్లరాదని గురువులు నేర్పినారు గదా! ఎదుట అత్త నిక్షేపంగా కూర్చుని వక్కాకు నములుతుండగా 'మరణానంతరం' అన్న మాట ఎట్లా వ్రాయగలను? ఆ మాటను నాలుగు పేజీల్లో ఎక్కడా రానీయక, కావ్యాన్ని అంకితమిచ్చే ధోరణిలో, "జలసమృద్ధమగు బోరుతో గూడ నా చేనును చిరంజీవికి ప్రీతిపూర్వకముగ నొసంగితిని" అని ముగించి, బంధువుల నడుమ రాగయుక్తంగా చదివినాను.

"ఒసంగితిని అంటే ఏంది బామ్మర్దీ?" అన్నాడు బావ.

"ఇచ్చినాను అని."

"ఎప్పుడు?"

"భూతకాలం బావా," అన్నాను సగర్వంగా. "ఇచ్చేయడం అయిపోయింది."

బావ పరమానందంతో సాక్షి సంతకం కూడా తానే చేసినాడు. మరునాటి ఉదయం మేము చేనికి పోయేసరికి అత్త బోరుకు పైపులు బిగించి తన చేనికి నీళ్ళు పారిస్తున్నాడు. అత్త వేసిన వేరుశెనగ అప్పుడు కాయ ఊరే దశలో ఉన్నది. ఆ వారం తడి అందకుంటే ఆ ఏటి పంట లేనట్టే.

"ఏమప్పా, ఈడ పైపులేంటికి?"

"నువ్వే ఇచ్చినావు గదా పెద్దమ్మా. అయిపోయిందని పండితుడే చెప్పినాడు."

"నేను ఇంగా ఈడే నిలబడుకోని ఉండాను గదరా!"

"ఉండు పెద్దమ్మా. నిన్ను ఎవరు పొమ్మన్నారు?"

అత్త నా వైపు చూసిన చూపును వర్ణించడానికి నేను చదివిన అలంకారశాస్త్రం చాలదు. ఆ పూటే మా ఇద్దరినీ వెంటబెట్టుకొని రిజిస్ట్రారు కార్యాలయానికి బయలుదేరింది. అక్కడ వాకిట్లో కూర్చుని దస్తావేజులు వ్రాసే పెద్దమనిషి నా నాలుగు పేజీలూ ఓపికగా చదివి అద్దాలు తీసినాడు.

"సామీ, అంతా బాగుండాది. అయితే యాడా పెద్దమ్మ సావలేదే!"

"రామరామ! ఆమె ఎందుకు చావాలి?"

"మనిషి గాదు సామీ, కాగితంలో. కాగితంలో సావకుంటే అది వీలునామా ఎట్లయితుంది? దానపత్రం అయితుంది. ఇట్లే రిజిస్టరు చేసింటే మాపటికి పెద్దమ్మకు చేనూ లేదు, బోరూ లేదు." చివరి పేజీ తిప్పి, "తీసుకునేవాడే సాక్షా? భేష్! సంబంధం లేనోళ్ళను ఇద్దర్ని పిలవండప్పా."

"అట్లయితే నీళ్ళు?" అన్నాడు బావ నీరసంగా.

"బతికినన్నాళ్ళు అన్నీ ఆమెవే. మనసు మారితే ఎన్నిసార్లయినా తిరగరాయొచ్చు. కడాన రాసిందే చెల్లేది."

ఆ ఆఖరి వాక్యం చెవిన పడిన మరుక్షణం బావ లేచి వెళ్ళి అత్తకు సోడా తెచ్చినాడు.

కొత్త కాగితం మళ్ళీ నా ముందుకే వచ్చింది. అసలు మాట దగ్గర కలం నిలిచిపోయింది.

"నేను సచ్చినాక అని రాయి అబ్బీ. నువ్వు రాసినంత మాత్రాన సస్తానా?"

'నా జీవితానంతరము' అని వ్రాసినాను.

"అంటే సచ్చినాకేనా?"

"అవునత్తా."

"గట్టిగా చెప్పు. వాడు కూడా ఇనల్ల."

గట్టిగా చెప్పినాను. కార్యాలయమంతా వినింది. పరిచయస్తులిద్దరు సాక్షులుగా వచ్చి నిలబడగా అత్త వేలిముద్ర వేసి, "పోయి పైపులు పీకు. బేస్తవారం బేస్తవారం నన్నడిగి నీళ్ళు పెట్టుకో" అని బావకు ఆజ్ఞ ఇచ్చింది.

తిరుగు బస్సులో అత్త నా భుజంమీద తల వాల్చి నిద్రపోయింది. స్వహస్తాలతో ఆమె మరణాన్ని వ్రాసి వచ్చినవాణ్ణి, నాకు నెమ్మది ఎక్కడిది? గుంత వచ్చినప్పుడల్లా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూ వచ్చినాను. మూడోసారి కాబోలు, కన్ను తెరవకుండానే, "బతికే ఉండా లేరా, నిద్రపోనీ" అన్నది.

ఆ తర్వాత ఆమె చాలా పంటలు తీసింది. ఆనాటి ఆమె వయసును నేనిప్పుడు దాటినాను. మొన్ననే నా వీలునామా కూడా వ్రాసుకొన్నాను, ఒక్క పేజీలో, కలం ఎక్కడా ఆగకుండా. సంతకం చేస్తుండగా ఆ బస్సులోని ఇరవైమూడేండ్ల పండితుడు గుర్తుకు వచ్చి నవ్వు వచ్చింది. ఎంత భయపడినాడో పాపం! ఊరు వచ్చేదాకా భుజం మాత్రం కదిలించలేదు.