పసుపు రాసిన రాయి మొక్కతో టాటానగర్‌కి

మా బావ సూర్యనారాయణ పెంచే కాక్టస్ ఒకటి అడుగునుంచి కుళ్లడం మొదలుపెట్టింది. దాన్ని పట్టుకుని నేను జంషెడ్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. మా ఇళ్లలో మనుషులకి జబ్బు చేస్తే పక్కవీధి డాక్టరు చాలు. ఈ మొక్కకి మాత్రం ఒరిస్సా, బెంగాలు దాటి బీహారు వెళ్లాలి.

అది ఎక్కడో మెక్సికో ఎడారి జాతి. ముళ్లుండవు. పగుళ్లు తేలిన బూడిదరంగు రాయిలా నేలని కరుచుకుని ఉంటుంది. దాని ఎదుగుదల చూడాలంటే ఓపిక ఒక్కటీ చాలదు, ఆయుర్దాయం కూడా కావాలి. బావ విత్తనం నుంచి పద్దెనిమిదేళ్లు పెంచితే నిమ్మకాయంత అయింది. ఇంతవరకు ఒక్క పువ్వు పూయలేదు. మా అక్క దాన్ని "ఆ రాయి" అంటుంది. ఎండొస్తే నీడలోకి, వానొస్తే ఇంట్లోకి మోసుకొచ్చే మర్యాద ఆ ఇంట్లో దానికొక్కదానికే ఉందని కూడా అంటుంది.

కుళ్లిన కాక్టస్‌ని బతికించాలంటే ఒకటే దారి. కుళ్లు కోసేసి, మిగిలిన తలని బలంగా పెరిగే మరో జెముడు మీద అంటు కట్టాలి. బావకి అంటు అంటే పడదు. ఏ మొక్కైనా సొంత వేరు మీద నిలబడాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయనా, అప్పలస్వామి అనే స్నేహితుడూ వాల్తేరు రైల్వే గూడ్సు ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవారు. ఒకే పొట్లం విత్తనాలు పంచుకుని ఒకే రోజు చల్లారు. అప్పలస్వామి తన మొలకని అంటు కట్టి గబగబా పెంచాడు. "పక్కవాడి కాళ్ల మీద నిలబడ్డదాన్ని మొక్క అనరు" అని బావ ఆఫీసులో నలుగురి ముందూ అన్నాడు. తరువాత అప్పలస్వామికి జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్‌కి బదిలీ అయింది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడీ రాయికి అంటు కట్టగల మనిషి బావకి తెలిసినంతలో ఆ అప్పలస్వామి ఒక్కడే.

"మొక్క నీదే అని చెప్పు" అన్నాడు బావ. "నా పేరు ఎత్తావంటే నీకూ నాకూ మాటలుండవు."

నేను పత్రికా ఉద్యోగం నుంచి రిటైరై కొద్దికాలమే అయింది. పత్రికలో ఇంతకంటే పెద్ద అబద్ధాలు చూశాను కనుక ఒప్పుకున్నాను.

సాయంత్రం ఏడు దాటాక వాల్తేరు స్టేషన్లో హౌరా బండి ఎక్కాను. మొక్కని వేళ్లతో సహా కాగితంలో చుట్టి బిస్కెట్ డబ్బాలో పెట్టారు. చుట్టిన కాగితం నేను ముప్పయ్యేళ్లు పనిచేసిన పత్రికే. ఆ సంచికలో ఏ వార్తనీ ఇంత జాగ్రత్తగా ఎవరూ విప్పి చూసి ఉండరు.

నా ఎదురు సీట్లో పలాసకి చెందిన ఒక పెద్దావిడ కూర్చుంది. ఖరగ్‌పూర్‌లో కూతురి దగ్గరికి వెళుతోంది. డబ్బా ఒళ్లోంచి దించకపోవడం చూసి అడిగింది.

"ఏటి బాబూ అది, అంత జాగర్తగా అట్టుకున్నావు?"

"మొక్కమ్మా."

"పువ్వులు పూత్తాదా?"

"ఇంతవరకు పూయలేదు."

"కాయలు కాత్తాదా?"

"కాయదు."

"మరేటి, ఉజ్జోగం సేత్తాదా?"

రైలు పెట్టెలో నవ్వు పొర్లింది. తరువాత ఆవిడే నాకు జీడిపప్పు పెట్టింది. డబ్బా మీదకి కూడా ఒక చూపు జాలిగా పారేసింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఖరగ్‌పూర్‌లో దిగాను. ప్లాట్‌ఫారం పొడవు చూస్తే దిగినవాడు నడుస్తూనే టాటానగర్ చేరిపోతాడేమో అనిపించింది. పూరీ, బంగాళాదుంప కూర తిన్నాను. కూరలో పంచదార తగిలింది. బెంగాలు గాలి మొదట కూరలోనే తెలుస్తుంది. పదిన్నరకి ప్యాసింజరు దొరికింది. మధ్యాహ్నం రెండున్నరకి టాటానగర్. స్టేషన్ బయట రిక్షా అతను మూడు రూపాయలడిగి రెండున్నర రూపాయలకి ఒప్పుకున్నాడు. పట్టాలు, వ్యాగన్లు, బొగ్గుపొడి, ఆరేసిన చీరలు దాటుకుంటూ బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్ల ముందు దించాడు.

అప్పలస్వామి క్వార్టరు అడగనక్కరలేకపోయింది. గోడ మీద, మెట్ల మీద, నీళ్ల ట్యాంకు మీద కూడా కుండీలే. మనిషి పొట్టి, మీసం పెద్దది, బుగ్గన నమిలే పొగాకు, ఖైనీ. నన్ను నేను రిటైరైన పాత్రికేయుడిగా, కొత్తగా కాక్టస్‌ల పిచ్చి పట్టినవాడిగా పరిచయం చేసుకున్నాను. డబ్బా విప్పాను.

ఆయన మొక్కని అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి పట్టి పగుళ్లు చూశాడు.

"దీన్ని మీరే పెంచారా?"

"ఆ."

"పేపరు బాబూ, దీని అక్క నా ఇంట్లో ఉంది. దా, సూపిత్తాను."

వెనక వరండాలో దీని తోబుట్టువు ఉంది. మూరెడు ఎత్తు జెముడు నెత్తిన కూర్చుని, అన్నం తినే పళ్లెమంత అయింది. చుట్టూ పిల్లలు. ఏటా శీతాకాలంలో గులాబీరంగు పువ్వులు పూస్తుందట. పక్కన పెడితే మా రాయి దాని మనవరాలిలా ఉంది.

"సూరిగాడు ఎలగున్నాడు?" అని అడిగాడు అప్పలస్వామి.

నేను బావ పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా లాభం లేకపోయింది.

తరువాత మొక్కని తిరగేసి చూశాడు. అడుగున కుళ్లిన చోటుని బావ ముందే చెక్కి, పసుపు తడిపి దట్టంగా పట్టించి పంపాడు. గాయానికి పసుపు రాయడం మన ఇళ్లల్లో ఉన్నదే కదా.

"పసుపెట్టాడా? పెళ్లికూతుర్ని సేసి పంపేడేటి నా దగ్గరికి?" అన్నాడు. నవ్వలేదు. "ఇదే కొంప ముంచింది బాబూ. కుళ్లు పసుపుపచ్చ, పసుపూ పసుపుపచ్చే. ఎక్కడిదాకా కొయ్యాలో కన్నుకి తెలీదు. కుళ్లు ఒక్క చుక్క మిగిల్తే అంటు అతకదు, మొత్తం పోద్ది. ఎక్కువ కోసేసేననుకో, అతకడానికి ఏటీ మిగల్దు."

హోటల్లో దిగుతానంటే ఒప్పుకోలేదు. రాత్రి చేపల పులుసు, అన్నం. ఆయన కూతురు సరోజ కాలేజీలో చదువుతోంది. వాళ్లమ్మ తెలుగులో అడిగినదానికల్లా హిందీలో జవాబు చెబుతుంది. పడక వేసిన గదిలో నాకూ కుండీలకీ చోటు చాలలేదు. "అంకుల్, రాత్రి అటు దొర్లకండి, ముళ్లు" అని ఆ పిల్ల నాకొక్కడికే తెలుగులో హెచ్చరిక చేసింది.

అప్పలస్వామి దగ్గరున్న అంటుకు పనికొచ్చే జెముళ్లన్నింటి మీదా అప్పటికే వేరే మొక్కల తలకాయలు అంటుకట్టి ఉన్నాయి. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులో టెల్కో కాలనీ వెళ్లాం. బస్సులో టిఫిన్ డబ్బాలు తప్ప మనుషులకి నిలబడే చోటు లేదు. ఏడాది కిందట ఆయన తన మేనకోడలి పెళ్లికి కానుకగా ఇచ్చిన జెముడు కుండీ తిరిగి తెచ్చుకోవడానికి వెళ్లామని అక్కడ గుమ్మం దగ్గర తెలిసింది నాకు.

"మావయ్యా, ఇచ్చిన కానుక పట్టుకుపోతావేటి?" అందా అమ్మాయి.

"ప్రాణం మీదకొచ్చిందే తల్లీ."

"ఎవుడి ప్రాణం?"

"ఓ రాయిది."

ఆమె నా వైపు చూసింది. నేను బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాను. "మరి మిక్సీ ఉంచుతావా, అదీ అట్టుకుపోతావా?" అంది.

"మిక్సీ మీ అత్తోరు ఇచ్చేరు కదా. ఆల్లనడుగు."

పదిన్నరకల్లా తిరిగి వచ్చాం. వెనక వరండాలో పీట వేశాడు. కొత్త షేవింగ్ బ్లేడు, స్పిరిటు సీసా, దూది, పాత సైకిల్ ట్యూబులోంచి కత్తిరించిన సన్నటి రబ్బరు పేలికలు పెట్టాడు. మొదటి ముక్క కోశాడు. రూపాయి బిళ్లంత చక్రం పడింది. పసుపుపచ్చ. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, నాలిక మీద పెట్టుకున్నాడు.

"నాకు తెలీడం లేదు. ఖైనీ తిని తిని నాలిక మొద్దుబారిపోయింది. బాబూ, మీరు సూడండి. కుళ్లు పులుపొత్తాది. పసుపు సేదొత్తాది."

"ఇంట్లో ఆడవాళ్లని అడగండి."

"మా ఆవిడ నాకు పిచ్చంటాది. పిల్ల కాలేజీకెళ్లింది. సూరిగాడు పంపిన మనిషివి, నువ్వే సెప్పాల."

నేను నాలిక మీద పెట్టుకున్నాను. పచ్చి బంకలా ఉంది. పులిసిన గంజి వాసన. "పుల్లగా ఉంది" అన్నాను.

బ్లేడు తుడిచి మరో చక్రం కోశాడు. అదీ పులుపే. మూడోదీ, నాలుగోదీ పులుపే. నిమ్మకాయ ఉసిరికాయ అయింది, ఉసిరికాయ రేగిపండయింది. పద్దెనిమిదేళ్ల మొక్క పది నిమిషాల్లో వెనక్కి నడుస్తోంది. అప్పలస్వామి నుదుటి మీద చెమట మీసంలోకి జారుతోంది.

అయిదో ముక్క నాలిక మీద పెట్టుకుని, "కొంచెం పుల్లగా ఉన్నట్టే ఉంది" అన్నాను.

"ఉన్నట్టే ఏటి? ఉందా, లేదా?"

నేను ముప్పయ్యేళ్లు "తెలియవచ్చింది", "అనుకుంటున్నారు", "విశ్వసనీయ వర్గాల భోగట్టా" రాసి బతికినవాణ్ణి. ఒక విషయం ఉందనో లేదనో తేల్చి చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు. మంచినీళ్లు తెప్పించుకుని పుక్కిలించాను. ఆ ముక్కే మళ్లీ పెట్టుకున్నాను. చేదు. పసుపు చేదు. దాని వెనక పచ్చిగడ్డి.

"లేదు" అన్నాను.

"మరోటి కొయ్యనా, అనుమానముంటే?"

ఇంకొకటి కోస్తే ఏమీ మిగలదని ఇద్దరికీ తెలుసు.

"వద్దు. కుళ్లు లేదు."

ఆయన బ్లేడు మళ్లీ తుడిచాడు. జెముడు తల చదునుగా కోసి, అంచులు చెక్కి, మా రాయిలో మిగిలిన చొక్కా గుండీ అంత బిళ్లని దాని మీద పెట్టాడు. కోసిన చోట ఒక్కొక్కదాని నడుమా సన్నటి ఉంగరం లాంటి గీత ఉంటుంది. ఒకదాని ఉంగరం మరోదాని ఉంగరానికి తగిలేలా జరిపి, రబ్బరు పేలికలు నిలువుగా కుండీ అడుగుదాకా లాగి కట్టాడు. నీడలో మంచం కింద పెట్టాడు. "వారం దాకా దాని మొహం సూడకు" అన్నాడు.

ఆ వారం ఎలా గడిపానో చెబితే ఊరి మీద వ్యాసం రాసినట్టవుతుంది. పార్కులో తిరిగాను. బారిడీహ్‌లో అప్పలస్వామి స్నేహితుల ఇంట్లో పెసరట్టు తిన్నాను. సందులో హిందీ, ఇంట్లో తెలుగు. సాయంత్రం ఉక్కు ఫ్యాక్టరీ వైపు ఆకాశం ఎర్రబడితే ఊళ్లో ఎవరూ తలెత్తి చూడరు. నేను చూసేవాణ్ణి. అప్పలస్వామి చూడొద్దన్నందుకు మంచం కింద కూడా చూసేవాణ్ణి.

ఎనిమిదో రోజు పొద్దున్న ఆయన రబ్బరు కత్తిరించాడు. చిటికెనవేలితో గుండీని ఒక పక్కనుంచి నెట్టాడు. కదల్లేదు. రెండో పక్కనుంచి నెట్టాడు. కదల్లేదు. ఆయన గోడకి చేరగిలబడి కూర్చుని, బుగ్గన ఖైనీ వేసుకున్నాడు.

"నీకియ్యను బాబూ" అన్నాడు. "రైలు కుదుపుకి ఊడిపోద్ది. ఏడాది నా దగ్గరే ఉండాల. కావాలంటే సూరిగాణ్ణి వచ్చి సూసుకోమను. నలుగురిలో అన్న మాట నలుగురిలో వెనక్కి తీసుకోమని అనను. వచ్చి సూసి, అంటు మొక్కున్న ఇంట్లో నీళ్లు తాగనంటే టీ తాగి పొమ్మను."

మధ్యాహ్నం బండికి బయల్దేరాను. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికింది. చేతిలో డబ్బా లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. జంషెడ్‌పూర్ చూసినవాళ్లు ఇనుము గురించీ, కొలిమి వెలుగు గురించీ చెబుతారు. నాకు ఆ ఊరు నాలిక మీద మిగిలింది. చేదూ పులుపూ ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చెప్పాల్సి వచ్చిన ఊరది.

మర్నాడు వాల్తేరులో బావ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. చేతిసంచీ అందుకుంటూనే అడిగాడు.

"బతికిందా?"

"బతికింది."

"ఎంత మిగిలింది?"

చొక్కా గుండీ పట్టుకుని చూపించాను. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కూలీ ఒకడు పక్కకి తప్పుకోమని కేకేశాడు.

"జెముడు మీద కట్టాడా?"

"మరి గాలి మీద కడతాడా?"

"ఏమన్నాడు?"

"వచ్చి చూసుకోమన్నాడు."

"నేనా? వాడి గుమ్మంలోకా?" అన్నాడు బావ. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మెట్లెక్కాం, వంతెన దాటాం, దిగాం. బయట రిక్షాల దగ్గరికి వచ్చాక ఆయన ఆగాడు.

"ఖరగ్‌పూర్‌లో బండి మారేటప్పుడు ఎక్కువసేపు కూర్చోవాలా?" అన్నాడు.