మామ్మ పోయిన రోజు నేనాడిన ఆట

మొన్న సంతలో ఒకామె సీసా మూత తీసి నా అరచేతిలో వలిసె నూనె చుక్క వేయగానే, పక్క బండి మీది పకోడీల వాసనా బస్సు పొగా అన్నీ వెనక్కిపోయి మా నాన్న తల్లి, మేం మామ్మ అని పిలిచే ఆవిడ జుట్టు వాసన వచ్చింది. కొనకుండానే వచ్చేశాను. ఆ వాసన వెంట మామ్మ ఒక్కతే రాదు, నా కోపం కూడా వస్తుంది.

చైత్రంలో ఇటుకల పండక్కి కొత్త మామిడికాయ కొండదేవతకి పెట్టేదాకా నోరు కట్టుకున్న పిల్లలం, పెట్టగానే పుల్లటి ముక్కలు కొరుక్కుంటూ, సామన్నం తిని చోడి అంబలి తాగి, తుడుం మోగేసరికి పెద్దాళ్లతో కలిసి ఒకరి నడుం వెనక ఒకరం చేతులు పెనవేసి థింసా ఆటకు వరస కట్టేవాళ్లం. వరస మొదట మామ్మ, ఆమె పక్కన నేను. చూసేవాళ్లంటూ ఎవరూ ఉండేవారు కాదు, ఊరంతా వరసలోనే ఉండేది.

"ఏటే గుంటా, అలా బాదేత్తన్నావు? నేలకి నొప్పెట్టదేటి? అడుగు మెల్లగా ఆనించు" అనేది మామ్మ.

ఏడో తరగతికి నన్ను కొండ కింద హాస్టల్లో వేశారు. అక్కడా థింసాకు నేనే ముందు. ఒకసారి పెద్ద అధికారి వస్తున్నాడని వారం రోజులు పాఠాలు మాన్పించి మాచేత అదే ఆడించారు. ఆయన వచ్చే రోజు పొద్దున మా నాన్న గేటు దగ్గర కనిపించాడు. వార్డెన్ ఆయనతో ఏదో చెప్పి చెట్టు కింద నిలబెట్టాడు. నా ఆట చూడ్డానికే వచ్చాడనుకుని పొంగిపోయాను. నవ్వమని వార్డెన్ సైగ చేస్తుంటే, అందరితో పాటు అదే రంగు చీరలో, తల్లో ప్లాస్టిక్ పూలతో, నాన్నకు బాగా కనపడాలని ఇంకా నవ్వుతూ ఆడాను. అధికారి మధ్యలోనే ఫోనొచ్చి లేచిపోయాడు. అయినా ఆపొద్దన్నారు, ఫొటోలు కావాలట.

కొండెక్కే దారిలో నాన్న చెప్పాడు.

"మామ్మ పోయినాదే."

"ఎప్పుడు?"

"తెల్లారగట్ల."

"మరి నాకు సెప్పలేదేటి?"

"ఆటయ్యేదాకా సెప్పొద్దన్నారు. గుంట ఏడిత్తే ఆఫీసరు ముందర బాగోదన్నారు."

మేం చేరేసరికి, మాకోసం చూసి చూసి మట్టి కప్పేసి, ఊరివాళ్లు గెడ్డలో స్నానాలు చేసి వస్తున్నారు. ఆ వార్డెన్ మీద నాకు ఇప్పటికీ కోపమే. చెట్టు కింద చేతులు కట్టుకు నిలబడ్డ నాన్న మీద కూడా చాలా ఏళ్లు ఉండేది. 'కాదు, నా పిల్లని పంపండి' అనగలిగే ధైర్యం ఆయనకు ఎవరూ మిగల్చలేదని అర్థమయ్యాక, అదీ వార్డెన్ మీదికే పోయింది.

తిరిగి వెళ్లాక తెలుగు మాస్టారు అధికారి రాక మీద వ్యాసం రాయమన్నారు. జరిగింది జరిగినట్టు రాశాను. ఆయన చదివి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "నీ తెలుగు బానే ఉందమ్మా. ఇది మాత్రం వద్దు, వేరేది రాయి" అన్నారు. వేరేది రాయలేదు. నోటుబుక్కు వెనక అదే మళ్లీ రాసుకున్నాను. చదువయ్యాక ట్రూపులో చేరి టూరిస్టుల ముందు పన్నెండేళ్లు ఆడాను. ఎవరైనా నవ్వమన్న రోజున గదికొచ్చి ఒక పేజీ రాసేదాన్ని. ఆ పేజీలు పుస్తకమయ్యాక ఆట మానేశాను.

ఈ ఏడు పండక్కి ఊరెళ్లాను. దేవతకి మామిడికాయ పెట్టారు. ఆ తర్వాత తుడుం మోగలేదు, వరస కట్టడానికి ఒక్క ఆడపిల్లా రాలేదు. ఏరీ వీళ్లంతా అని మా పిన్నిని అడిగాను.

"రిసార్టుకాడికి ఎళ్లినారు. ఇయాల అక్కడ జనం ఎక్కువంట, నాలుగు షోలంట."

"అక్కడేటి ఆడతారు?"

పిన్ని గిన్నెలు సర్దుతూ తలెత్తకుండా చెప్పింది.

"ఇటుకల పండగంట."