అధిక మాసంలో సముద్రం మీద సలహా

తిరువూరు నుంచి సముద్రం దగ్గరకు వెళ్లాలంటే బస్సులో నాలుగు గంటలు పడుతుంది. కార్తీక పౌర్ణమి స్నానాలకు తప్ప నేను అటు వెళ్లినవాణ్ణి కాను. అయినా ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను మత్స్యకారులకు సలహాదారుగా పెట్టుకుంది. మామిడి రైతుల సభలో నా ప్రసంగం వాళ్లకు నచ్చిందట. చేపకూ మామిడికీ తేడా ఏముంది, రెండింటినీ పిందెగా ఉన్నప్పుడు కోయకూడదు అనుకుని ఒప్పుకున్నాను. తెలియదు అని చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

మొదటి సదస్సుకు మా కల్యాణ మండపం పేరు నేనే చెప్పాను. అది నాదీ, మా బావమరిదిదీ. అధిక మాసం కావడంతో పెళ్లిళ్లు లేవు, హాలు బూజు పడుతోంది.

"సముద్రం వాళ్లని ఇక్కడికి రప్పిస్తావా బావా?" అన్నాడు బావమరిది.

"వాళ్లు రోజూ చూసేది సముద్రమేగా. కాస్త మెట్ట గాలి కూడా తగలనీ" అన్నాను.

పంచాంగం చూసి తేదీ పెట్టాను. చేపల వేటపై ప్రభుత్వం ఏటా పెట్టే నిషేధం ఏ రోజుతో ముగుస్తుందో మాత్రం చూడలేదు. సరిగ్గా ఆ అర్ధరాత్రితోనే ముగుస్తోంది. రెండు నెలలుగా ఒడ్డున ఉన్న పడవలన్నీ ఆ రాత్రే సముద్రంలోకి వెళ్తాయి. బందరు వైపు నుంచి బస్సులో వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన దిగీ దిగగానే ఈ సంగతి చెప్పాడు.

"మీటింగుకి రాకపోతే కొత్త వలలు ఇవ్వం అని సంస్థవాళ్లు అన్నారు కాబట్టి వచ్చాం సార్. మూడింటికల్లా పంపించెయ్యండి. సాయంత్రానికి నేను లేకపోతే మా పడవ నడిపే సరంగు ఇంకొకణ్ణి ఎక్కించుకుంటాడు. వాళ్లు వేట నుంచి తిరిగొచ్చేదాకా నాకు పనుండదు."

"దానిదేముందండీ, రెండింటికే పంపిస్తాను" అన్నాను.

చిన్న చేపల్ని వదిలేయండని గంటన్నర మాట్లాడాను. భోజనంలో పప్పు, గుత్తి వంకాయ, మజ్జిగ పులుసు. మండపంలో నీచు వండకూడదని మా నియమం.

"చేపల మీటింగులో చేప కనపడదేంటే?" అని ఒకావిడ పక్కామెను అడిగింది.

"వదిలేయమన్నారుగా, వదిలేశారు" అంది ఆమె. బంతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ముఖ్య అతిథి ఇంకా రాలేదు. ఆయన ఒక పై అధికారి. ఆయన చేత శాలువా కప్పించుకుని, నిండు సభలో ఫోటో దిగాలని నా ఆశ. డ్రైవరును పక్కకు పిలిచి, నేను చెప్పేదాకా బస్సు తీయొద్దన్నాను. పెద్దాయన వచ్చి అడిగినప్పుడల్లా "డ్రైవరు భోజనానికి వెళ్లాడండి" అన్నాను.

"ఇంకా ఎన్ని బంతులు తింటాడండీ?" అన్నాడు చివరికి.

పొద్దు గూకుతుండగా అతిథి వచ్చారు. నా భుజాల మీద శాలువా పడుతుండగానే ముందు వరసలో పెద్దాయన ఫోను మోగింది. స్పీకరులో సరంగు గొంతు అందరికీ వినపడింది.

"ఐసు ఎక్కించేశాం. నీ బదులు మీ తోడల్లుణ్ణి పెట్టుకున్నా. ఏమనుకోకు."

"సరే" అని ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఫోటోగ్రాఫరు అందరినీ వేదిక మీదకు పిలిస్తే వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. డ్రైవరు ఎక్కడికీ వెళ్లలేదు, నేనే ఆపాను అని చెప్పడానికి ఎంతసేపు? నేను మాత్రం, "కాస్త నవ్వండి, పేపర్లో పడుతుంది" అన్నాను.

ఆయన నవ్వాడు. సంస్థవాళ్లు ఆ ఫోటోనే నివేదిక అట్ట మీద వేశారు. దాని కింద 'తీరవాసుల్లో సంతృప్తి' అని రాసి పంపింది నేనే.