పైరవీ కెమెరాకి చిక్కిన మా ఫ్రీజరు

మా ల్యాబులో ఒక ముసలి ఫ్రీజరు ఉండేది. నాలుగేళ్లుగా డెంగీ రోగుల నుంచి సేకరించిన రక్త నమూనాలన్నీ అందులోనే. అది ఆగిపోతే ఆ నాలుగేళ్లూ గంగపాలు, దాని వెంటే నా ఉద్యోగమూ. అందుకే రోజూ పొద్దున జురాంగ్ వెస్ట్‌లో రైలెక్కగానే దేవుడికి నేను చేసుకునే మొదటి విన్నపం దాని కంప్రెసర్ గురించే.

మాది ఒక అమెరికా యూనివర్సిటీ సింగపూర్‌లో నడిపే చిన్న పరిశోధన కేంద్రం. కొత్త ఫ్రీజరు కావాలని హెడ్డాఫీసుకి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "ఈ ఏడాది బడ్జెట్ లేదు" అన్న జవాబే. మూడో జవాబు వచ్చిన వారమే ఇంకో మెయిల్. ఫెడరల్ ప్రభుత్వం నుంచి నిధులు రాబట్టడానికి వాషింగ్టన్‌లో ఒక సంస్థని పెట్టుకున్నారట, వాళ్ల మనిషి మా పని మీద వీడియో తీయడానికి వస్తున్నాడట. దాన్ని వాళ్లు లాబీయింగ్ అంటారు. మా తెనాలిలో పైరవీ అంటాం. కాకపోతే మా ఊరి పైరవీకారు ఆర్టీసీ బస్సులో తిరిగేవాడు, ఈయన బిజినెస్ క్లాసులో దిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కెమెరా వాళ్లు లైట్లు పెడుతుంటే ఆయన ల్యాబంతా తిరిగి ఫ్రీజరు ముందు ఆగాడు. తలుపు మీద పసుపు, దాని మధ్య ఎర్రటి కుంకుమ బొట్టు. దసరాకి నేనే పెట్టాను. చిన్నప్పుడు ఆయుధపూజ రోజు కుట్టుమిషనుకీ, గ్రైండరుకీ, నాన్న స్కూటరుకీ అమ్మ నాచేతే బొట్లు పెట్టించేది. ఎన్ని డిగ్రీలొస్తే మాత్రం, ఆ ఒక్కరోజు ఈ ఫ్రీజరుని వదిలేసే ధైర్యం నాకు లేదు.

"ఈ గుర్తేమిటి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

పూజ అని చెప్పడానికి నోరు రాలేదు. అప్పటిదాకా ఆయన ముందు ఊదరగొట్టిన సైన్సంతా ఏమైపోవాలి?

"సేఫ్టీ కోసం," అన్నాను. అబద్ధమేం కాదు కదా!

"ఓహో. ఒకసారి పెడితే చాలా?"

"లేదు, ఏటా పెట్టాలి." ఇక వెనక్కి తగ్గడానికి లేదు. ఆయన బుద్ధిగా నోట్సు రాసుకున్నాడు.

ఇంటికెళ్లి కూతురికి చెబితే పడీపడీ నవ్వింది. "అమ్మా, యూ లైడ్ టు వాషింగ్టన్! గాన్ కేస్ లా!" అంటే ఇక్కడి యాసలో, ఇక నీ పని అయిపోయిందని.

"నోర్మూసుకుని పెరుగన్నం తిను," అన్నాను.

కొన్ని నెలలకి నిధులు మంజూరయ్యాయి. ఆ వీడియో మాకూ పంపారు. తలుపు మీద బొట్టు తెరంతా నిండిపోయింది. వెనక నుంచి గంభీరమైన గొంతు, "సింగపూర్ కేంద్రం కఠినంగా పాటించే ఎర్రగుర్తు భద్రతా పద్ధతి" అంటోంది. ఓరి నాయనో అనుకుంటూ కుర్చీలో కూలబడ్డాను.

ఆ డబ్బొచ్చాక హెడ్డాఫీసు ముందుగా చేసిన పని, పైరవీలకి ఇంకో ఇద్దరిని పెట్టుకోవడం. ఆ తర్వాతే నా ఫ్రీజరు వచ్చింది. పాతది చివరి రోజు దాకా మూలుగుతూనే నిలబడింది. నమూనాలన్నీ, ఒక్కటీ కరగకుండా, కొత్తదాంట్లోకి చేరేసరికి నాకు నిజంగానే కళ్లనీళ్లొచ్చాయి. పాతదాని తలుపు మీద చెయ్యి వేసి నిమిరాను.

కొత్తదాని తలుపుకి ఒక ఫారం అతికించి ఉంది. ఎర్రగుర్తు లేకుండా ఈ ఫ్రీజరు వాడరాదట. ఆ గుర్తు అర్హులైన వారే పెట్టి, వివరాలు నింపి, హెడ్డాఫీసుకి పంపాలట.

గుర్తు పెట్టువారు అన్నచోట నా పేరు రాశాను. అనుభవం ముప్ఫై ఏళ్లు అని రాశాను. శిక్షణ ఇచ్చినవారు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఏదో ఒక సంస్థ పేరు పెట్టేస్తే ఎవరూ అడగరు. కానీ ఇంకో అబద్ధమాడబుద్ధి కాలేదు.

"మా అమ్మ" అని రాసి, సంతకం చేసి, కుంకుమ భరిణె కోసం హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టాను.