రాజ్యలక్ష్మమ్మ గారి నీళ్ల తొట్టి

మా మేనల్లుడి లారీ షెడ్డుకు వెళితే నాకు తుమ్ములు ఆగవు. మిరపకాయల బస్తాలు దింపేసినా లారీని ఆ ఘాటు ఒక పట్టాన వదలదు. మొన్న నేను తుమ్ముతూ కూర్చుని ఉంటే వాడు ఫోను పక్కన పడేసి, "డ్రైవర్లు దొరకడం లేదు మామూ. ఈ కాలంలో ఎవణ్ణి అడిగినా స్టీరింగు పట్టుకోనంటున్నాడు" అని వాపోయాడు. ఈ కాలంలోనట. పంతొమ్మిది వందల అరవైలలో నేను గుంటూరులో లారీ తోలేటప్పుడూ షావుకార్లది ఇదే పాట. అందులో నిజమెంతో నాకు చూపించింది రాజ్యలక్ష్మమ్మ గారు.

అంతకుముందు నేను ఒక షావుకారు దగ్గర పనిచేశాను. పేరు రాయను, ఆయన మనవలు మంచివాళ్లు. ఒక ఎండాకాలం మద్రాసులో మిరపకాయలు దింపి వచ్చాను. చెమటలో కారం కలిసి మెడా చేతులూ మండిపోతున్నాయి. గోడౌను బావి దగ్గర చేద అందుకోబోతుంటే ఆయన అరుగు మీంచి, "ముందు సరుకు సంగతి చెప్పి ఏడు. బావి ఎక్కడికీ పోదులే" అన్నాడు. పక్కనున్న వ్యాపారులు నవ్వారు. చెప్పడం అయ్యేదాకా ఎండలోనే నిలబెట్టాడు. నేను తాళంచెవి అరుగు మీద పెట్టి బయటికి నడిచాను. "పోతే పో. ఈల వేస్తే పదిమంది వస్తారు" అన్నాడు వెనకనుంచి. ఆ నవ్విన వాళ్లలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక లారీ ఎక్కకూడదనుకున్నాను. చీరాలలో మా బావ బట్టల కొట్టుకు రమ్మంటున్నాడు. కానీ నాకు ఇష్టంగా వచ్చిన పని లారీ తోలడమొక్కటే. ఆ ఊగిసలాటలో ఉండగా రాజ్యలక్ష్మమ్మ గారు కబురు పంపారు. భర్త పోయాక ఆయన లారీలు అమ్మకుండా బ్రాడీపేటలో ఇంటి వెనకే షెడ్డు వేయించి నడుపుతున్న మనిషి. "ఒక్క ట్రిప్పు వెయ్యి నాయనా. నచ్చకపోతే చీరాలే వెళ్దువుగాని" అన్నారు.

వేసి వచ్చాను. అలవాటు ప్రకారం షెడ్డు ముందు ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అక్కడ నిలబడ్డావేం మస్తానూ?"

"సరుకు సంగతి చెప్పాలి కదండీ."

"సరుకు మద్రాసులో దిగింది, కారం నీ ఒంటి మీదే ఉంది. పో, ముందు నీళ్లు పోసుకో."

షెడ్డు మూల సిమెంటు తొట్టి నిండా నీళ్లు, గూట్లో కొబ్బరినూనె. నేను స్నానం చేసి మజ్జిగ తాగాక గాని ఆవిడ సరుకు గురించి అడగలేదు. అప్పుడు అన్నీ చెప్పాను, షావుకారు తిడతాడని దాచే టైరు పగులుతో సహా. ఆ బావి దగ్గర జరిగిందీ, ఈల మాటా కూడా చెప్పాను. చీరాల వెళ్లలేదు.

మరుసటి పంట కాలంలో లారీల యజమానులు ఆవిడ ఇంటికి వచ్చారు. మా పాత షావుకారే ముందు. "డ్రైవర్లు కరువైపోయారమ్మా. మీకు మాత్రం ఎలా నిలుస్తున్నారు?" అని అడిగాడు. నేను తొట్టి దగ్గర తల తుడుచుకుంటున్నాను. ఆవిడ నన్ను కేకేసి, "నన్నడిగితే ఏం తెలుస్తుంది, వీణ్ణి అడగండి" అన్నారు. ఆ రోజు కోసమే ఎదురుచూస్తున్నట్టు నోట్లోంచి మాట వచ్చేసింది.

"డ్రైవర్లంతా ఎదురుగా టీకొట్టులోనే ఉన్నారండి. ఈల వేసి చూడండి."

ఆయన మొహం నల్లబడింది. వాళ్లు వెళ్లాక ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, "ఏడాదినుంచీ దాచావా ఆ మాట?" అన్నారు.

"దాచానండి."

"దాచుకో, తప్పులేదు. రేపు నీకంటూ లారీ వచ్చినప్పుడు ఆ ఎండ మాత్రం మర్చిపోకు."

ఆ షావుకారును నేను ఇంకా క్షమించలేదు, అందుకు తొందర కూడా లేదు. నా లారీలు వచ్చినప్పుడు మొదట కట్టించింది తొట్టే. అవి ఇప్పుడు మేనల్లుడు చూస్తున్నాడు. కొత్త షెడ్డులో తన గదికి ఏసీ పెట్టించాడు, తొట్టి సంగతి మరిచాడు. వాడు అలా వాపోయిన మర్నాడే తాపీమేస్త్రీని నేనే వెంటబెట్టుకెళ్లాను.

"తొట్టి కడితే డ్రైవర్లు ఉంటారా మామూ?" అన్నాడు వాడు, విసుగ్గా.

"నేను ఉన్నాను కదరా" అని తుమ్మాను.